పికప్ ముందు భాగం లేపాలా? లేపితే ఎంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. అందుకే మిగతావి వచ్చే సంచికకు జరిపి, చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హాలియా దగ్గర. పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు వి-క్రాస్ తీసుకున్నా, ఫోర్ బై ఫోర్. ఖాళీగా నిలబెడితే ముందు కిందికి, వెనక పైకి ఉంటుంది. చూసినవాళ్లంతా ముందు స్ప్రింగులు కూర్చున్నాయా అని అడుగుతున్నారు. నల్గొండలో ఒకతను రెండించుల స్పేసర్లు, అంటే స్ప్రింగు పైన పెట్టే దిమ్మలు, వేస్తే సమంగా వస్తుందంటున్నాడు, ఇంకొకతను స్పేసర్ల జోలికి పోకు, షాకప్స్ మార్చు అంటున్నాడు. కాయ కోసేటప్పుడు బత్తాయి లోడు కొడతాను, మిగతా రోజులు ఇంటి బండి లెక్కనే. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, నీ స్ప్రింగులు కూర్చోలేదు, లేదా కూర్చున్నా దానికి రుజువు అది కాదు. లోడు ఎక్కితే వెనక కమాన్లు, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు, వంగి దిగుతాయి కాబట్టి, దిగిన తర్వాత బండి సమంగా నిలబడాలని కంపెనీ వాళ్లే ఖాళీ బండిని వెనక ఎత్తుగా తయారు చేస్తారు. వి-క్రాస్ అయినా హైలక్స్ అయినా ఇదే పద్ధతి: ముందు రెండు చక్రాలకు విడివిడిగా కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్లు. కాబట్టి నువ్వు తేల్చుకోవాల్సింది స్పేసరా షాకపా అని కాదు, నీ బండి ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా తిరుగుతుందా, లోడుతో తిరుగుతుందా అని.

అది టేపుతో తేలుతుంది. చదునైన చోట, మిల్లులో వేబ్రిడ్జి పక్కన సిమెంటు గచ్చు ఉంటే ఇంకా మంచిది, నాలుగు టైర్లలో గాలి సరిగ్గా పెట్టి బండి నిలబెట్టు. ఒక్కో చక్రం నడిమధ్య నుంచి నేరుగా పైనున్న ఫెండర్ అంచు వరకు ఎంతుందో మిల్లీమీటర్లలో రాసుకో. తర్వాత రోజూ కొట్టే బత్తాయి లోడు ఎక్కించి మళ్లీ అవే నాలుగు కొలతలు తీసుకో. ఉదాహరణకు ఖాళీగా వెనక 50 మిల్లీమీటర్లు ఎక్కువుందనుకో, లోడు పడగానే వెనక 40 దిగిందనుకో, అంటే లోడుతో నీ బండి ఇప్పటికే దాదాపు సమంగా ఉంది. ఇప్పుడు ముందు 50 లేపితే ఖాళీ బండి ఫొటోలో బాగుంటుంది, కానీ లోడు ఎక్కిన ప్రతిసారీ ముక్కు పైకెత్తుకుని వెనక కూర్చుండిపోతుంది. అప్పుడు ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది, లైట్లు చెట్ల మీద పడతాయి, గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు బండి మీద నమ్మకం ఉండదు. నీలాగ లోడు కొట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, తేడా మొత్తం తీసేయకు. 50 ఉంటే 25, 30 వరకు లేపు, మిగతాది వెనక వదిలేయ్.

ఇక ఆ రెండించుల మాట. రెండించులు అంటే స్పేసర్ మందమా, బండి లేచే ఎత్తా? ఈ ఒక్క ప్రశ్న అడక్కుండా డబ్బులు ఇవ్వొద్దు. స్ప్రింగు, షాకప్ కలిసిన స్ట్రట్, చక్రాన్ని బండికి కలిపే కింది ఇనుప చెయ్యి (ఆర్మ్) మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రం ఆ ఆర్మ్ చివర ఉంటుంది, అందుకే స్ట్రట్ పైన ఒక అంగుళం దిమ్మ పెడితే చక్రం దగ్గర సుమారు రెండంగుళాలు వస్తుంది. రెండంగుళాల మందం ఉన్న దిమ్మ పెడితే నాలుగు దాకా పోతుంది, ఆ ఎత్తుకు నీ బండిలో బాల్ జాయింట్లు గానీ యాక్సిళ్లు గానీ తయారు కాలేదు. లేత్ షాపులో అల్యూమినియం ముక్క తీసి తిప్పించి పెట్టేవాళ్లూ ఉన్నారు. దాని మందం ఎంతో వెర్నియర్‌తో కొలిచి చూపించమను. ఒకదాని మీద ఇంకొకటి రెండు దిమ్మలు పెడతానంటే అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చేయ్.

స్పేసర్‌కూ షాకప్‌కూ పని వేరు. స్ట్రట్ పైన పెట్టే స్పేసర్ ఎత్తు మాత్రమే ఇస్తుంది, బండి నడక మారదు, పాత షాకప్ అరిగిపోయి ఉంటే బండి అలాగే ఊగుతుంది. పైగా స్ట్రట్ మొత్తం కిందికి జరుగుతుంది కాబట్టి చక్రం గుంటలో పడి పూర్తిగా వేలాడినప్పుడు పై ఆర్మ్, బాల్ జాయింట్ తమ హద్దు దాటి సాగుతాయి. చక్రం పైకి పూర్తిగా నొక్కుకున్నప్పుడేమో బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు) తగిలేలోపే షాకప్ లోపల అడుగుకు కొట్టుకునే వీలుంది. స్ప్రింగు కూర్చునే గిన్నెను పైకీ కిందికీ మార్చుకోగలిగే షాకప్స్ ఉంటాయి, బిల్‌స్టీన్ 5100 లాంటివి. వాటిలో ఎత్తు కోసం ఒకదానిపైన ఒకటి గాళ్లు ఉంటాయి, గిన్నె వాటిలో ఒకదానిలో కూర్చుంటుంది, షాకప్ కూడా కొత్తదే కాబట్టి ఎత్తూ నడకా రెండూ ఒకేసారి సరిచేసుకోవచ్చు. ఖర్చు ఎక్కువే. నీ పాత షాకప్స్ చుట్టూ ఆయిల్ చెమ్మ, దానికి దుమ్ము అంటుకుని పట్టీలా కట్టి ఉందా, టైరు మీద చెయ్యి పెట్టి తిప్పితే ఎగుడుదిగుడుగా గుంటలు తగులుతున్నాయా చూడు. ఉంటే స్పేసర్ల మీద ఒక్క రూపాయి పెట్టకు, ఆ డబ్బు షాకప్స్‌కు పోనివ్వు. షాకప్స్ బాగుంటే 12, 15 మిల్లీమీటర్ల మందం స్పేసర్ నీకు సరిపోతుంది. రెండూ కలిపి వేయొద్దు, అంటే పై గాడిలో పెట్టిన కొత్త షాకప్ మీద మళ్లీ దిమ్మ.

నీది ఫోర్ బై ఫోర్ కాబట్టి బిగించాక ఒక పని తప్పనిసరి. బండిని జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలు వేలాడుతుండగా టార్చి పట్టుకుని కిందికి దూరు. పై ఆర్మ్‌కూ స్ప్రింగుకూ మధ్య వేలు పడుతోందా? యాక్సిల్ రబ్బరు బూటు ముడతలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయా? స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పిస్తే బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు బిగుసుకుంటున్నాయా? బూటు ముడతలు రాసుకుంటే కొన్నాళ్లకు చినుగుతుంది, గ్రీజంతా రిమ్ము లోపలి వైపు చిమ్ముతుంది, లోపలికి దుబ్బ చేరుతుంది, తర్వాత యాక్సిల్ జాయింటే పోతుంది. టూ వీల్ డ్రైవ్ అయితే ముందు యాక్సిళ్లే ఉండవు కాబట్టి ఈ టెన్షన్ లేదు.

ఇంకొకటి, ఇది చాలా షెడ్లలో వదిలేస్తారు. ఆర్మ్‌ల బుష్ బోల్టులు బండి గాల్లో ఉండగా ఫుల్లుగా బిగించకూడదు. ఆ బుష్ రబ్బరు ఇనుపగొట్టానికి అతికి ఉంటుంది, గాల్లో బిగిస్తే బండి నేలమీద దిగగానే రబ్బరు మెలితిరిగిపోయి అలాగే ఉండిపోతుంది, త్వరగా చిట్లుతుంది. చేత్తో పట్టించి, బండి దించి, చక్రాల మీద బరువు పడ్డాక టార్క్ రెంచ్‌తో బిగించమను. స్ప్రింగు విప్పాల్సి వస్తే సరైన కంప్రెసర్ ఉన్న చోటే విప్పించు. నొక్కి పట్టిన స్ప్రింగు చెయ్యి జారితే మనిషి ప్రాణమే పోతుంది, బిగించేది నీ బండి అయినా అక్కడ పనిచేసే పిల్లగాడి గురించి కూడా ఆలోచించు.

వీల్ అలైన్‌మెంట్‌లో టో, అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, అదే రోజు చూసుకో, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పూర్తిగా చేయించు. ముందు లేచినప్పుడు క్యాస్టర్, అంటే పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గుతుంది, అందుకే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం మందగిస్తుంది. మెషిన్ మీద టో ఒక్కటే చూసి పంపిస్తారు, నువ్వు క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం), క్యాస్టర్ అంకెలు కూడా ప్రింటు తీసుకో.

ప్రశ్న: సార్, నేను జడ్చర్లలో ఉంటాను. ముందు భాగం లేపించాక రాత్రి కల్వకుర్తి రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి ఒక్కరూ నాకు డిప్పర్ కొడుతున్నారు. నేను లో బీమ్‌లోనే ఉంటున్నా. బల్బులు కూడా కంపెనీవే. తప్పు ఎక్కడ?

జవాబు: తప్పు లెక్కలోనే ఉంది. ఇలాంటి పికప్‌లో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం సుమారు 3 మీటర్ల 10 సెంటీమీటర్లు. ముందు 5 సెంటీమీటర్లు లేపితే బండి మొత్తం వెనక్కి వాలినట్టే, ఆ వాలు వల్ల లైటు వెలుగు 10 మీటర్ల దూరంలో 16 సెంటీమీటర్లు పైకి పోతుంది. లో బీమ్ మామూలుగా 10 మీటర్లకు 10 సెంటీమీటర్ల చొప్పున కిందికి దిగేలా పెడతారు. అంటే ఇప్పుడు మీ లో బీమ్ కిందికి దిగడం మానేసి పైకి ఎక్కుతోంది, ఎదుటి బైకు మీద వచ్చే మనిషి కళ్లలోకి నేరుగా కొడుతోంది. అది సింగిల్ రోడ్డు, రాత్రి బండ్లు, పశువులు, వడ్లు ఆరబోసిన అంచులు అన్నీ ఉంటాయి, ఎదుటివాడికి కళ్లు కనబడకపోతే ఆ మనిషి ఎటు పోతాడో మన చేతిలో ఉండదు. కాబట్టి ఇది ఈరోజే చేయండి.

చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలిపి, హెడ్‌లైట్ మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో గోడమీద ఒక గీత గీయండి, దానికి 10 సెంటీమీటర్ల కింద ఇంకో గీత. లో బీమ్ వేస్తే వెలుగు పై అంచు కింది గీతను తాకాలి. లైటు వెనకున్న స్క్రూను స్టార్ స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేయండి. డాష్‌బోర్డు మీద లైట్లు దించే చక్రం ఉంటే ముందు దాన్ని సున్నాలో పెట్టి స్క్రూతోనే సెట్ చేయండి. ఆ చక్రం లోడు ఉన్నప్పుడు వాడుకోవడానికి, దాన్ని ఇక్కడే ఖర్చు చేసుకుంటే లోడు ఎక్కిన రోజు దించడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: అన్నా, అచ్చంపేట నుంచి రాస్తున్నా. హైలక్స్‌కు ఎత్తు మార్చే షాకప్స్ వేయించి, అన్నిటికంటే పై గాడిలో పెట్టించాను. చూడ్డానికి సూపర్. కానీ స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ముందు నుంచి టక్ అని కొడుతోంది. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లో ఇంకా ఎక్కువ. షాకప్ పాడైందా?

జవాబు: దిగేటప్పుడే కొడుతోందని రాశావు, నాకు కావాల్సింది అదే. షాకప్ పాడు కాలేదు, దానికి కిందికి సాగే చోటు లేకుండా పోయింది. ఈ రకం షాకప్ మొత్తం పొడవు మారదు, గిన్నె పైకి జరిగితే బండి లేస్తుంది, లేచినంత మేరా చక్రం కిందికి వేలాడే దారి తగ్గుతుంది. నువ్వు పై గాడిలో పెట్టావు కాబట్టి బండి నిలబడి ఉండగానే షాకప్ దాదాపు పూర్తిగా సాగి ఉంది. స్పీడ్ బ్రేకర్ దిగగానే చక్రం కిందికి జారుతుంది, రాడ్డు చివరికి వెళ్లి లోపల తగులుతుంది, నీకు వినబడే టక్ అదే. అలాగే తిప్పితే లోపలి సీలు, పైనున్న మౌంటు రబ్బరు పోతాయి. ఒక్క గాడి, వీలైతే రెండు గాళ్లు దించు. చక్రం దగ్గర పది, పదిహేను మిల్లీమీటర్లు తగ్గితే ఎవరికీ కనబడదు, ఘాట్‌లో మలుపు మీద గతుకు వచ్చినప్పుడు మాత్రం టైరు నేలను వదలకుండా ఉంటుంది. దించాక కూడా చప్పుడు వస్తే స్టెబిలైజర్ లింకులు, పై ఆర్మ్ స్ప్రింగుకు తగులుతున్న గుర్తు, అంటే పెయింటు పోయి మెరిసే చోటు, ఈ రెండూ చూడు. దించిన తర్వాత అలైన్‌మెంట్ మళ్లీ చేయించాల్సిందే.

వెనక షాకప్స్ పాతవే ఉంచావా లేదా రాయలేదు. ముందు గట్టివి, వెనక అరిగినవి ఉంటే ఘాట్ దిగేటప్పుడు వెనక భాగం గెంతుతుంది. సెట్టుగా మార్చడం మంచిది.

ప్రశ్న: నమస్తే అన్నయ్యా. మాది కొల్లాపూర్. నాన్న మామిడికాయ లోడుకు వాడే పికప్‌ను తమ్ముడు లేపిద్దామంటున్నాడు. ముందు కూడా కమాన్లే ఉన్న బండి అది. అమ్మ ఇప్పటికే ఎక్కలేక ఇబ్బంది పడుతుంది. ఆర్టీవో, ఇన్సూరెన్స్ వాళ్లతో ఏమైనా సమస్య వస్తుందా?

జవాబు: చెల్లీ, ముందు కమాన్లున్న బండికి పైన చెప్పిన స్పేసర్ల లెక్క పనికిరాదు. అక్కడ పట్టీ చేర్చడమో, కూర్చున్న పట్టీలు మార్చడమో చేయాలి, అది కమాన్ పని తెలిసినవాళ్లు చేయాల్సింది. పట్టీలు చేర్పిస్తే వాటిని యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవి వేయించండి, కొన్నాళ్లు తిరిగాక మళ్లీ బిగించండి. మీ అసలు ఇబ్బంది లోడు పడితే వెనక కూర్చోవడమే అయితే ముందు ముట్టుకోకుండా వెనక ఒక హెల్పర్ పట్టీ చాలు. కొన్ని బండ్లలో వెనక యాక్సిల్ దగ్గర సన్నటి రాడ్డుతో ఒక వాల్వ్ ఉంటుంది, వెనక ఎంత దిగిందో చూసి వెనక బ్రేకుకు ఎంత ప్రెషర్ పంపాలో అదే నిర్ణయిస్తుంది. వెనక ఎత్తు పెరిగితే లోడు ఉన్నా ఖాళీ బండే అనుకుని బ్రేకు తగ్గిస్తుంది, కాబట్టి ఆ రాడ్డు మళ్లీ సెట్ చేయించాలి. పట్టీ చేర్చినంత మాత్రాన ఆర్సీలో రాసిన గ్రాస్ వెయిట్ (లోడుతో కలిపి బండి మోయగల మొత్తం బరువు) పెరగదు, మామిడి సీజన్‌లో ఆ మాట నాన్నకు గట్టిగా చెప్పండి.

చట్టం సంగతి: 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌ను గట్టిగా నిలబెట్టింది. అందుకని పని మొదలుపెట్టక ముందే ఏం మారుస్తున్నారో ఒక కాగితం మీద రాసి నాగర్‌కర్నూల్‌ రవాణా కార్యాలయంలో ఇచ్చి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి, వాళ్లు పంపిన జవాబు దాచుకోండి. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టే అవకాశం వాళ్లకు మనమే ఇచ్చినట్టవుతుంది.

అమ్మ విషయం తమ్ముడికి ఇలా చెప్పండి. 5 సెంటీమీటర్లు ముందు లేస్తే ఆమె కాలు పెట్టే చోటు కూడా దాదాపు అంతే లేస్తుంది, మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది చాలా ఎక్కువ. లేపినా లేపకపోయినా ఆమె ఎక్కే వైపు ఒక ఫుట్‌స్టెప్, లోపల తలుపు స్తంభానికి పట్టుకునే హ్యాండిల్ వేయించండి. ఫుట్‌స్టెప్‌ను ఛాసిస్‌కు బోల్టులతో బిగించాలి, పల్చటి రేకుకు వెల్డింగ్ పెడితే నాలుగు వానలకు తుప్పుపట్టి ఆమె కాలు పెట్టిన రోజే ఊడుతుంది.