టెక్ సందేహాలు: మాఘంలో నడిచిన ఓవర్‌క్లాక్ వైశాఖంలో ఎందుకు ఆగిపోతోంది?

ఈ వారం తీసుకున్న మూడు ఉత్తరాలూ ప్రాసెసర్ గురించే. ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం. అది మార్చేది బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల పేజీలో. మొదటిదానికి ఎక్కువ చోటిస్తున్నాను. అందులో ఉన్నది ఒక్క కంప్యూటర్ సంగతే కాదు, ఎవరింట్లోనో జరిగిన పెళ్లి కూడా.

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లెటూరండి. పెళ్లి వీడియోలు తీసి, ఎడిటింగ్ కూడా నేనే చేస్తానండి. రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బీ550 బోర్డు, 16 జీబీ ర్యామ్, ఒక ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్. మాఘమాసంలో ఒక వీడియో చూసి బయోస్‌లో 4.6 గిగాహెర్ట్జ్, 1.3 వోల్టులు పెట్టానండి. గేములు, ఎడిటింగ్ అన్నీ బాగానే నడిచాయి. ఇప్పుడు వైశాఖం పెళ్లిళ్లు వచ్చేసరికి ఎక్స్‌పోర్ట్ సగంలో బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అయిపోతోంది. తెల్లవారుజామున పెడితే పూర్తవుతోంది. స్టూడియో మేడ మీద రేకుల గదిలో ఉందండి. ప్రాసెసర్ పోయిందంటారా? వేగం తగ్గించకుండా నడిపే దారేమైనా ఉందా?

జవాబు: ప్రాసెసర్ పోలేదండి. తెల్లవారుజామున పెడితే పూర్తవుతోందన్న మీ మాటే అందుకు ఆనవాలు. మాఘంలో ఆ గదిలో పాతిక డిగ్రీలు ఉండి ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా ప్రాసెసర్ 80 చూపించిందనుకోండి, గది కంటే 55 ఎక్కువ. గాలితో పనిచేసే ఏ కూలరూ గది వేడి కంటే కిందికి దించలేదు. గది ఎంత పెరిగితే ప్రాసెసరూ అంత పెరుగుతుంది. వైశాఖం మధ్యాహ్నం రేకుల కింద 39 ఉంటే లెక్క 94కి చేరుతుంది. మీ ప్రాసెసర్‌కు దాని తయారీ కంపెనీ ఏఎండీ పెట్టిన గరిష్ఠ హద్దు 95. దానికి తోడు చిప్ వేడెక్కేకొద్దీ లీకయ్యే కరెంటు పెరుగుతుంది, ఆ లీకేజీ మళ్లీ వేడిని పెంచుతుంది. అందుకే కాగితం మీది లెక్క కంటే నిజం ఇంకా పైనే ఉంటుంది.

మరి గేములు ఎందుకు నడిచాయి? మీ ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, ఆరున్నాయి. గేము ఆ ఆరింటినీ ఒకేసారి పూర్తిగా వాడడం అరుదు. ఎక్స్‌పోర్ట్ అలా కాదు, గంటసేపు అన్ని కోర్లనూ ఊపిరి తీసుకోనివ్వదు. 4.6 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 460 కోట్ల టిక్కులు. ఒక టిక్కుకూ ఇంకో టిక్కుకూ మధ్య దొరికే వ్యవధిలో కాంతి కూడా ఆరున్నర సెంటీమీటర్లే వెళ్లగలదు. అంతలో ట్రాన్సిస్టర్లన్నీ తమ లెక్క ముగించాలి. వేడెక్కిన చిప్‌లో అవి కాస్త ఆలస్యమవుతాయి. ఒక్కటి వెనకబడినా తప్పు బిట్ ముందుకు వెళ్లిపోతుంది. అది విండోస్‌కు కీలకమైన చోట పడితే బ్లూ స్క్రీన్.

కీలకం కాని చోట పడితే మాత్రం ఏమీ కనిపించదు. నన్ను నిజంగా భయపెట్టేది ఇదే. ఫ్రేములో ఒక ఆకుపచ్చ గీత రావచ్చు, కాపీ చేసిన ఫైలు తెరుచుకోకపోవచ్చు. జీలకర్ర-బెల్లం పెట్టిన క్షణాన్ని మళ్లీ తీయలేం కదండీ. కాబట్టి ఈ పని ముగిసేదాకా ఒక మాట పాటించండి: కెమెరా కార్డులోని వీడియోను పరీక్షలో ఉన్న కంప్యూటర్‌లోకి దించొద్దు. అన్నీ డీఫాల్ట్‌లో, అంటే కంపెనీ పెట్టిన సెట్టింగుల్లో, ఉన్నప్పుడు రెండు డ్రైవులలోకి కాపీ చేసి, తెరిచి చూసి, ఆ తర్వాతే కార్డు ఖాళీ చేయండి.

ఇక మీరు సంపాదించింది ఎంతో చూద్దాం. మామూలుగా అన్ని కోర్ల మీద బరువు పడినప్పుడు మీ ప్రాసెసర్ 1.2 వోల్టుల దగ్గర 4.3లో నడుస్తోందనుకుందాం. 4.6 అంటే 7 శాతం లాభం. గంట పట్టే ఎక్స్‌పోర్ట్ 56 నిమిషాలకు దిగుతుంది. వేడి మాత్రం ఆ లెక్కన పెరగదు. వేగం ఎంత పెరిగితే అంత, వోల్టేజీ ఎంత పెరిగితే దాని వర్గమంత పెరుగుతుంది. రెండూ కలిపి గుణిస్తే పాతిక శాతం అదనం. నాలుగు నిమిషాల కోసం నాలుగో వంతు ఎక్కువ వేడి. ఏసీ లేని రేకుల గదిలో ఈ బేరం నాకు నచ్చదు.

మీరు పెట్టిన పద్ధతిలో ఇంకో లోపం కూడా ఉంది. బయోస్‌లో వేగాన్ని ఒక అంకె దగ్గర బిగించేస్తే ప్రాసెసర్‌కు ఉన్న సొంత తెలివి పక్కకు పోతుంది. ఎండ పెరిగినా తగ్గదు, పని లేకపోయినా వోల్టేజీ దించదు. అందుకే బిగింపు తీసేసి, ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్, దానిలోనే ఉండే కర్వ్ ఆప్టిమైజర్ వాడమంటాను. ఏఎండీ ఈ రెండోదాన్ని మీ 5000 తరంతోనే తెచ్చింది. ఇది వేగాన్ని తోయడానికి వోల్టేజీ పెంచదు. అదే వేగానికి ఇచ్చే వోల్టేజీని తగ్గిస్తుంది. అలా వేడి తగ్గి వేడి హద్దు దాకా మిగిలిన వెసులుబాటును వాడుకుని ప్రాసెసర్ తనంతట తనే వేగం పెంచుకుంటుంది.

ముందు బయోస్‌లో అన్నీ డీఫాల్ట్‌కు తెచ్చి, ర్యామ్ ప్రొఫైల్ (ర్యామ్ వేగాన్ని పెంచే సెట్టింగు) కూడా ఆపి ఒక ఎక్స్‌పోర్ట్ చేయండి. వేడి, వోల్టేజీ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం తెరిచి వేడి రాసుకోండి. అందులో ఒక్క కోరు పనిచేసే క్షణాన 1.4 వోల్టులు దాటి కనిపిస్తే కంగారు పడొద్దు. అప్పుడు కరెంటు తక్కువ ప్రవహిస్తుంది కాబట్టి ప్రాసెసరే అలా అడుగుతుంది. ఆ అంకె చూసి 'కంపెనీవాళ్లే 1.4 ఇస్తున్నారు' అనుకుని అన్ని కోర్లకూ బిగించేవాళ్లను చాలామందిని చూశాను. బరువు మోస్తున్నప్పుడు ఎంత ఉందో చూడాలి.

తర్వాత ఓవర్‌డ్రైవ్ మెనూలో వేడి హద్దు 85 పెట్టండి. ఎండ ముదిరితే మిషన్ ఆగిపోకుండా కాస్త నెమ్మదిస్తుంది, మీ ఎక్స్‌పోర్ట్ ముగుస్తుంది. కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ నెగెటివ్ 10తో మొదలుపెట్టండి. ఒక్కో మెట్టుకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. అది నిలిస్తే 15, ఆపైన 20. హద్దు 30 వరకూ ఉంది కానీ అక్కడిదాకా వెళ్లి తీరాలన్న పట్టుదల వద్దు. మీ చిప్‌లో అన్నిటికంటే వేగంగా నడిచే ఒకటి రెండు కోర్లు ఇంత కోత ఓర్చుకోవు. వాటిని 5 దగ్గరో 10 దగ్గరో వదిలేయాల్సి రావచ్చు.

పరీక్ష దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ ప్రోగ్రాం పది నిమిషాలు నడిస్తే చాలనుకుంటారు. అది మొదటి మెట్టే. ఆ తర్వాత ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ ఒక గంట నడపండి. మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట కోసం పుట్టిన ప్రోగ్రాం అది. తన లెక్క తప్పిందేమో తనే సరిచూసుకుంటుంది కాబట్టి, బ్లూ స్క్రీన్ రాకముందే తప్పును పట్టుకుంటుంది. అయితే కర్వ్ ఆప్టిమైజర్‌కు ఇదొక్కటే చాలదు. పూర్తి బరువులో వేగం కొంత తగ్గి ఉంటుంది. అసలు పరీక్ష బరువు లేనప్పుడు, ఒక్క కోరు ఒంటరిగా పైకి ఎగిరే క్షణాన. ప్రైమ్95 రాత్రంతా నడిచిన మిషన్, పొద్దున పేపరు చదువుతుంటే రీస్టార్ట్ అయ్యేది అందుకే. కోర్‌సైక్లర్ అనే ఉచిత ప్రోగ్రాం కోర్లను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఏ కోరు తప్పిందో చెబుతుంది. రాత్రి దాన్ని వదిలి పడుకోండి.

చివరగా, ఇదివరకు ఇచ్చేసిన ఏదైనా పెళ్లి ప్రాజెక్టును మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు ఎక్స్‌పోర్ట్ చేయండి. బ్లూ స్క్రీన్ రాకపోయినా విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 'వీయా లాగర్' (WHEA-Logger) పేరుతో 18, 19 నంబర్లు ఉన్నాయేమో వెతకండి. 19 అంటే తప్పు జరిగింది, హార్డ్‌వేర్ సరిదిద్దుకుంది అని. అదొక్కటి కనిపించినా ఆ సెట్టింగు నిలకడైనది కాదు, ఒక మెట్టు వెనక్కి రండి. అంతా సవ్యంగా ఉంటే ర్యామ్ ప్రొఫైల్ మళ్లీ ఆన్ చేసి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి నాలుగు పాస్‌లు నడపండి. రెండూ ఒకేసారి మారిస్తే తప్పెవరిదో తేలదు.

పరీక్ష ఎప్పుడు చేయాలి? అమలాపురంలో మా మేడగదిలో నేనూ ఒక డిసెంబరు రాత్రి అన్నీ కుదిరాయని సంతోషించి, మే నెలలో మళ్లీ మొదటినుంచి చేసుకున్నాను. అప్పటినుంచి మధ్యాహ్నం రెండు గంటలకు, ఏసీ ఆపి పరీక్షిస్తున్నాను. మీరు వైశాఖంలోనే మొదలుపెడుతున్నారు కాబట్టి మంచి కాలంలోనే ఉన్నారు. రోహిణి కార్తెలో ఒకసారి మళ్లీ చూసుకోండి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన సంగతులు కొన్ని ఉన్నాయి. చుట్టుపక్కల కొబ్బరి పీచు తీసే మిషన్లు ఉంటే ఆ పొట్టు ఫ్యాన్ రెక్కల వెనక, కూలర్ రేకుల మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. మా ఇంట్లో రెండు నెలలకోసారి దులుపుతాను. ఫ్యాన్ రెక్క కదలకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టాలి. రెండోది కరెంటు. చెరువుల మీద ఏరేటర్లన్నీ ఆడే వేళ లైను వోల్టేజీ కుంగే ఊళ్లున్నాయి. అలాంటి కుంగుదలకు వచ్చిన రీస్టార్ట్‌ను ఓవర్‌క్లాక్ తప్పనుకుని రోజులు పోగొట్టుకోవచ్చు. బ్లూ స్క్రీన్ లేకుండా ఒక్కసారిగా ఆరిపోతే ముందు కరెంటును అనుమానించండి. యూపీఎస్ కొంటే ప్యూర్ సైన్ వేవ్ రకం తీసుకోండి.

మూడోది, ఐసు. 2014లో ఏఎండీ ఎఫ్ఎక్స్-8370ని ద్రవ నైట్రోజన్ పోసి 8.7 గిగాహెర్ట్జ్ దాటించారు. అలాంటి వీడియోలు చూసి క్యాబినెట్ దగ్గర ఐసు నీళ్లు పెట్టేవాళ్లున్నారు. మన ఉక్కపోతలో చల్లటి చెంబు మీద చెమట పట్టడం చూస్తున్నాంగా, బోర్డు మీదా అలాగే పడుతుంది. దయచేసి వద్దు.

ఓవర్‌డ్రైవ్ వాడినందువల్ల కలిగే నష్టం ఏఎండీ వారంటీలోకి రాదు, అది తెలిసే మొదలుపెట్టండి. మీకు గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఆన్ చేసి చూడండి. నాలుగు నిమిషాల కంటే చాలా ఎక్కువే మిగలవచ్చు.

ప్రశ్న: కోర్ ఐ5-12400ఎఫ్, బీ660 బోర్డు ఉన్నాయండి. ఓవర్‌క్లాక్ చేయొచ్చా? (భీమవరం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: ప్రాసెసర్‌ను చేయలేవు బాబూ. ఇంటెల్‌లో ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గుణకం మార్చడానికి పేరు చివర 'కె' ఉండాలి, బోర్డు 'జెడ్' వరసది కావాలి. 'ఎఫ్' అంటే లోపల గ్రాఫిక్స్ లేదని మాత్రమే. అయితే బీ660లో ర్యామ్‌ను దాని పూర్తి వేగానికి తేవచ్చు. బయోస్‌లో అందుకోసం ఉండే ఎక్స్ఎంపీ (ర్యామ్ ప్రొఫైల్) ఆన్ చేశావా? ఒకే ర్యామ్ కర్ర ఉంటే అలాంటిదే ఇంకోటి జత చెయ్. గేముల్లో తేడా తెలుస్తుంది. దీనికోసం కొత్త బోర్డు కొనకు.

ప్రశ్న: నా ఐ7-14700కెలో నేనేమీ మార్చలేదండి. అయినా గేములు మూసుకుపోతున్నాయి, వీడియో మెమరీ చాలడం లేదని చూపిస్తోంది. కార్డు మార్చాలా? (తణుకు నుంచి)

జవాబు: కార్డు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో కొన్ని, అవసరానికి మించి వోల్టేజీ అడిగి కాలక్రమంలో దెబ్బతింటున్నాయని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. ఆ ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) సవరణలు ఇచ్చింది. మీ బోర్డు తయారీదారు సైటులో ఆ తర్వాతి బయోస్ దించి వేయండి, 'ఇంటెల్ డీఫాల్ట్ సెట్టింగ్స్' ఎంచుకోండి. బయోస్ వేసేటప్పుడు కరెంటు పోకుండా యూపీఎస్ మీద పెట్టండి. ఇప్పటికే జరిగిన నష్టాన్ని సవరణ బాగుచేయదు. బయోస్ మార్చాక కూడా గేములు మూసుకుపోతుంటే చిప్ మార్చమని అడగండి. ఈ మోడల్‌కు ఇంటెల్ వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. బిల్లు, పెట్టె మీది సీరియల్ నంబరు దగ్గర పెట్టుకుని దరఖాస్తు చేయండి.