గుర్రం రాలేదు, డబ్బు తిరిగొచ్చింది: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాకు బ్రేయర్ కంపెనీ మోడల్ గుర్రాలు, అంటే ప్లాస్టిక్ గుర్రం బొమ్మలు, సేకరించే అలవాటు ఉంది. దసరాకు మా ఇంటి బొమ్మల కొలువులో కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన ఇవే నిలబడతాయి. 1960ల నాటి నీలం రంగు ‘రన్నింగ్ మేర్’ (పరుగెత్తే ఆడగుర్రం) కోసం నాలుగేళ్లుగా వెతుకుతున్నాను. ఒహాయోలో ఒకావిడ 1,250 డాలర్లకు ఇస్తానన్నారు. ఫిబ్రవరి 10న 250 అడ్వాన్సు ఇచ్చాను. ఆ తర్వాత నెలకు 200 చొప్పున ఐదు వాయిదాలని మాట. మూడు వాయిదాలు కట్టాక మే నెలాఖరులో, “మా అమ్మాయి ఉంచుకుంటానంటోంది, అమ్మడం లేదు, సారీ” అని మెసేజ్ పెట్టారు. పేపాల్ ఫీజు పోయిందంటూ అడ్వాన్సులో 25 తగ్గించి, మొత్తం 850కి 825 వెనక్కి పంపారు. నేను బాధలో “సరే” అనేశాను. దీని కోసం నా దగ్గరున్న ఆరు గుర్రాలను 310 డాలర్లకు అమ్మేశాను కూడా. ఇప్పుడు అదే రకం ఇంకొకటి 1,900కి అమ్మకానికి కనిపిస్తోంది. చేతిలో ఉన్నది వేసి, మిగతాది క్రెడిట్ కార్డు మీద తీసుకుందామనుకుంటున్నాను. మావారేమో ఆ డబ్బు ఇండియాలో మ్యూచువల్ ఫండ్ల సిప్‌లోనో ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీలోనో (ప్రవాస భారతీయుల బ్యాంకు డిపాజిట్) పెట్టమంటున్నారు. మొదటి ఆవిడ మీద ఏమైనా చేయొచ్చా? రెండోది కొంటే తప్పా? అన్నట్టు, కార్డు మీద ఇప్పటికే 2,300 బాకీ ఉంది, వడ్డీ 24 శాతం, నెలకు వంద కడుతున్నాను.
— ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన మాటను “అన్నట్టు” అంటూ చివర్లో పడేశారు. దాని దగ్గరికి వస్తాను. ముందు ఒహాయో ఆవిడ సంగతి చూద్దాం, ఎందుకంటే దానికి తారీఖుతో పని ఉంది.

మన వైపు ప్లాటుకో పొలానికో బయానా ఇచ్చాక అమ్మేవాడు మాట తప్పితే, ఇచ్చిన దానికి రెట్టింపు తిరిగివ్వాలని పెద్దమనుషులు తేల్చడం చాలాచోట్ల చూశాం. కొందరు దాన్ని సంచకారం అంటారు, పేరేదైనా అది రెండు వైపులా కట్టేసే తాడు. హైదరాబాద్ శివార్లలో ఒక ప్లాటుకు నేనిచ్చిన టోకెన్ అడ్వాన్సు ఎనిమిది నెలల తర్వాత పైసా ఎక్కువ లేకుండా తిరిగొచ్చింది. అప్పటికి పక్క ప్లాటు ధర కూడా నాకు అందనంత ఎత్తుకు పోయింది. కాబట్టి మీ బాధ నాకు కొత్త కాదు.

మోడల్ గుర్రాల వాళ్ల అడ్వాన్సుకు మాత్రం ఒకవైపే ముడి ఉంటుంది. కొనేవాళ్లు మధ్యలో మానుకుంటే అడ్వాన్సు పోయినట్టే. అమ్మేవాళ్లు మానుకుంటే తీసుకున్నది తిరిగిచ్చేసి ఊరుకుంటారు. అది ఆచారం. చట్టం ఇంతకంటే కొంచెం గట్టిగానే ఉంది. వస్తువుల అమ్మకాలపై అమెరికాలో యూనిఫామ్ కమర్షియల్ కోడ్ రెండో భాగం వర్తిస్తుంది, లూసియానా తప్ప రాష్ట్రాలన్నీ దాన్ని తీసుకున్నాయి. దాని ప్రకారం అమ్మేవారు సరుకు ఇవ్వకపోతే, కట్టిన సొమ్ముతో పాటు, అలాంటిదే బయట కొనుక్కోవడానికి అదనంగా అయ్యే తేడా కూడా అడగొచ్చు. 500 డాలర్లు, ఆపైన జరిగే బేరానికి రాతపూర్వక ఆధారం కావాలి, మీ మెసేజ్‌లు ఆ పనికి రావచ్చు. మరీ అరుదైన వస్తువైతే అదే వస్తువును ఇప్పించమని కోరే దారి కూడా ఆ కోడ్‌లో ఉంది.

అంటే కాగితం మీద మీకు 650 డాలర్ల వాదన ఉంది: 1,900లోంచి 1,250 పోతే వచ్చేది. దాని వెంట పడొద్దనే నా సలహా. మొదటి అడ్డు, మీరు “సరే” అన్నారు. బేరం రద్దుకు ఇద్దరూ ఒప్పుకున్నారని ఆ ఒక్క మాటను చదివే వీలుంది. రెండోది, దావా బహుశా ఆవిడ ఊళ్లోనే వేయాల్సి వస్తుంది, ఫ్రిస్కో నుంచి ఒహాయోకు రెండుసార్లు వెళ్లొస్తే ఆ 650లో మిగిలేది ఏముంటుంది? పైగా రెండో గుర్రం మొదటిదాని లాంటిదేనని మీరు నిరూపించాలి. ఒకదానికి చెవి కొస విరిగి అతికించి ఉండి, ఇంకొకటి చెక్కుచెదరకుండా ఉంటే, సేకర్తల లెక్కలో అవి రెండు వేర్వేరు వస్తువులు.

ఆ 25 డాలర్లు మాత్రం వదలకండి. గోరుచుట్టు మీద రోకటిపోటు అది. రిఫండ్ చేసినా పేపాల్ తన ఫీజు వెనక్కివ్వదు, ఆవిడ చెప్పింది నిజమే. కానీ అది అమ్మేవారు భరించాల్సిన ఖర్చు. మాట తప్పింది మీరు కాదు.

వాయిదాల బేరంలో చాలామందికి తట్టని చిక్కు ఒకటి ఇక్కడే ఉంది. పేపాల్‌లో గూడ్స్ అండ్ సర్వీసెస్ (కొనుగోళ్లకు వాడే పద్ధతి) కింద కట్టిన డబ్బుకు రక్షణ ఉంటుంది, కానీ డిస్ప్యూట్, అంటే ఫిర్యాదు, తెరవడానికి గడువు 180 రోజులు. ఆ 180 రోజులు లెక్కపెట్టేది బేరం ముగిసిన రోజు నుంచి కాదు, ఒక్కో చెల్లింపు జరిగిన రోజు నుంచి. మీ అడ్వాన్సు ఫిబ్రవరి 10న వెళ్లింది, దాని గడువు ఆగస్టు 9తో అయిపోతుంది. అంతా సవ్యంగా సాగి ఉంటే మీ చివరి వాయిదా జూలై 10న పడేది. ఆ తర్వాత ఆవిడ ప్యాకింగ్‌కు మూడు వారాలు, పోస్టుకు ఒక వారం తీసుకుని, పెట్టెలో విరిగిన కాలుతో గుర్రం వచ్చి ఉంటే? అడ్వాన్సుకు రక్షణ దాదాపు ఆవిరైపోయేది. ఇకపై వాయిదాలు మూడు నెలలు దాటనివ్వకండి. ఫీజు మిగులుతుందని ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ (సొంతవాళ్లకు డబ్బు పంపే పద్ధతి) కింద పంపమని ఎవరైనా అడిగితే, ఎంత మంచి మనిషైనా ఒప్పుకోవద్దు. ఆ దారిన వెళ్లిన డబ్బుకు కొనుగోలుదారు రక్షణ వర్తించదు.

ఇక రెండో గుర్రం. ఈ బొమ్మల గురించి తెలియని పాఠకులకు ఒక్క ముక్క. బ్రేయర్ మొదట షికాగోలో ప్లాస్టిక్ అచ్చుల కంపెనీ. 1950 ప్రాంతంలో ఒక గడియారాల కంపెనీ కోసం గడియారం పక్కన నిలబెట్టే గుర్రాన్ని పోసింది, ఆ గుర్రమే దాని దశ తిప్పింది. 1960ల మొదట్లో అసలు గుర్రాలకు ఉండని నీలం, బంగారు రంగుల్లో, పిల్లల కోసం కాక ఇంటి అలంకరణ కోసమని కొన్ని వదిలారు. సేకర్తలు వాటిని ‘డెకరేటర్లు’ అంటారు. అప్పట్లో అవి సరిగా అమ్ముడుపోలేదు. అందుకే తక్కువ మిగిలాయి, అందుకే ఇప్పుడు ఈ ధర. అప్పుడు కొట్టులో ఎవరూ ముట్టని బొమ్మ కోసం ఇవాళ మీరు నాలుగేళ్లు వెతికారు! అందుకే “ఇది పెట్టుబడి కూడా కదా” అనే మాటను నేను నమ్మను. రేపు దేనికి విలువ వస్తుందో తయారుచేసిన వాళ్లకే తెలియలేదు. పైగా అది సెల్యులోజ్ ఎసిటేట్, ఏళ్లు గడిస్తే పసుపెక్కుతుంది, వేడికి కాళ్లు వంగుతాయి. టెక్సస్ ఎండాకాలంలో గరాజ్‌లో పెట్టారంటే అంతే. లాభానికి అమ్మినా, ఏడాదికి మించి ఉంచుకున్న సేకరణ వస్తువుల లాభం మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు. నష్టానికి అమ్మితే, సొంత ముచ్చటకు కొన్నది కాబట్టి ఆ నష్టం పన్నులో చూపించుకోలేరు. ముచ్చట కోసం కొనండి, అందులో తప్పేమీ లేదు. డబ్బులు పెరుగుతాయని మాత్రం కొనకండి.

1,900 అన్నది అడిగిన ధర, అమ్ముడైన ధర కాదు. ఈబేలో అమ్ముడైన వాటిని మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టి, అదే అచ్చు, అదే రంగు ఎంతకు పోయిందో చూడండి. ఇలాంటివి అరుదుగా చేతులు మారతాయి కాబట్టి ఒక్క అమ్మకాన్ని పట్టుకుని ధర తేల్చుకోవద్దు. ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: ఒహాయో బేరం అసలు తగలకుండా, ఫిబ్రవరిలో నేరుగా ఈ 1,900 గుర్రమే కనిపించి ఉంటే కొనేవారా? మీరు నాలుగేళ్లు ఆగారంటే, బహుశా ఇలాంటి ధరలు చూసే ఆగి ఉంటారు. ఇప్పుడు తొందర పెడుతున్నది గుర్రం కాదు, చేతికి అందిన ముద్ద నోటికి అందలేదన్న కసి. అంతకుముందు ఆరు గుర్రాలను 310కి వదిలేసింది కూడా ఇలాంటి తొందరలోనేమో అని నా అనుమానం. మీకు నిజంగా డబ్బు నష్టం జరిగి ఉంటే అది అక్కడే. అవి నింపాదిగా అమ్మితే ఎంత వచ్చేవో ఒకసారి లెక్క వేసి చూడండి. ‘గ్రెయిల్’ (ఏళ్ల తరబడి కలగనే బొమ్మ) కోసం చిన్నవాటిని తెగనమ్మడం సేకర్తల లోకంలో మామూలే అంటారు, కానీ పెద్దది పెట్టెలోంచి బయటికొచ్చి మీ చేతిలో పడేదాకా చిన్నవాటిని కదిలించొద్దు.

సరే, కార్డు. 2,300 మీద 24 శాతం అంటే నెలకు దాదాపు 46 డాలర్ల వడ్డీ. మీరు కడుతున్న వందలో సగానికి దగ్గరగా వడ్డీకే పోతోంది. ఈ 825 వేసి, ఇంకో 1,075 కార్డు మీద గీకి 1,900 గుర్రం కొన్నారనుకుందాం. బాకీ 3,375 అవుతుంది. ఇప్పుడు కడుతున్న వందకు వాయిదాల 200 కలిపి నెలకు 300 కట్టినా తీరడానికి 13 నెలలు, వడ్డీ 490 దాకా. అలా కాక ఆ 825 ఇవాళే కార్డుకు కట్టేస్తే బాకీ 1,475కు దిగుతుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా నెలకు 300 కట్టండి, నవంబరులో 70 డాలర్లలోపు కడితే సున్నా. మొత్తం వడ్డీ వంద కూడా దాటదు. తేడా 390. అంటే ఆ గుర్రం మీకు 1,900కి కాదు, దాదాపు 2,290కి పడుతుంది. కార్డు మీద కొత్తగా ఏమీ గీకకూడదు, ఈ లెక్కకు అదొక్కటే షరతు.

మీవారి మాటలో పొదుపు ఉద్దేశం మంచిదే, చోటు తప్పు. 24 శాతం అప్పు పెట్టుకుని ఎఫ్‌డీ వేస్తే, కుండకు చిల్లు ఉండగా నీళ్లు తోడినట్టే. ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కానీ, అమెరికాలో పన్ను కట్టే వాళ్లు ఇక్కడ దాన్ని ఆదాయంగా చూపించాలి. ఇండియా మ్యూచువల్ ఫండ్ల సంగతి ఇంకా తలనొప్పి. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వాటిని సాధారణంగా పీఫిక్ (ఒక రకం విదేశీ పెట్టుబడి కంపెనీ) కింద చూస్తుంది, ఫారం 8621, దాంతో పాటు కఠినమైన పన్ను లెక్క మీద పడొచ్చు. అక్కడ సిప్ మొదలుపెట్టి, తర్వాత సీపీఏ (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్) ఫీజు చూసి లబోదిబోమన్న వాళ్లు నా దగ్గరికి ప్రతి ఏప్రిల్‌లో వస్తారు. నెలకు 200 కోసం ఆ టెన్షన్ వద్దని మీవారికి నా మాటగా చెప్పండి.

ఇంకొకటి కూడా ఆయనతో అనాలి. కార్డుకు వెళ్తున్న 825లో 310 మీ గుర్రాలు అమ్మగా వచ్చింది. ఇంటి అప్పు తీర్చడానికి మీ గుర్రాల నిధి చేబదులు ఇచ్చినట్టు లెక్క. నవంబరు తర్వాత అది మీకు తిరిగి రావాలి. రాసి పెట్టుకోండి, భార్యాభర్తల మధ్య ఇలాంటి లెక్కలు నోటిమాటగా ఉంటే ఎక్కువ రోజులు గుర్తుండవు.

నవంబరులో మిగిలే 230, డిసెంబరు నుంచి నెలకు 300. వచ్చే జూన్ ఆఖరుకు 2,300 పైన నగదు చేతిలో ఉంటుంది. దాన్ని విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. జూలైలో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో బ్రేయర్‌ఫెస్ట్ జరుగుతుంది, 1990 నుంచి ఉన్న పండుగ, మీకు తెలియనిది కాదు. అక్కడ సేకర్తలు హోటల్ గదుల్లోనే బొమ్మలు పరుచుకుని అమ్ముతారు. గుర్రాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురులో తిప్పి, చెవులు, గిట్టలు, రంగు పోయిన చోట్లు చూసుకుని, నోట్లు లెక్కపెట్టి ఇచ్చి తీసుకోవచ్చు. మా అమ్మాయి ఉంచుకుంటానంటోంది అనడానికి ఎవరికీ వ్యవధి ఉండదు. ప్రయాణం ఖర్చును కూడా గుర్రం ధరలో కలిపి లెక్క వేయండి, వెళ్లే ముందే పై హద్దు ఒక కాగితం మీద రాసుకోండి. నన్నడిగితే 1,500. మీకు 1,700 అనిపిస్తే అదీ సరే, కానీ ఆ అంకె ఇంట్లో రాయాలి, హోటల్ గదిలో కాదు. ఈలోగా ఆ 1,900 గుర్రం అమ్ముడైపోతే పోనివ్వండి.

ఒహాయో ఆవిడకు ఇవాళ రెండు లైన్ల మెసేజ్ చాలు: “మీ ఇంటి నిర్ణయం అర్థమైంది. నేను కట్టింది 850, వచ్చింది 825, మిగతా 25 ఈ శుక్రవారం లోపు పంపగలరు.” కోపం, నాలుగేళ్ల కథ, ఆరు గుర్రాల సంగతి అందులో రాయకండి. జూలై ఆఖరు దాకా రాకపోతే ఫిబ్రవరి 10 నాటి చెల్లింపు మీద డిస్ప్యూట్ తెరవండి, ఆగస్టు 9 దాటనివ్వొద్దు.