బ్యాంకు ఎఫ్‌డీకీ, సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్‌కీ తేడా ఏమిటి?

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తున్నానని, మూడు నెలలపాటు ఖాళీగా ఉండే 5 లక్షలను సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ (సీడీ)లో పెట్టొచ్చా అని అడిగారు. నిబంధనల ప్రకారం పెట్టొచ్చు. కానీ మీకు ఎఫ్‌డీయే నయమని నా అభిప్రాయం.

సీడీ అంటే బ్యాంకు మనీ మార్కెట్‌లో, అంటే ఏడాదిలోపు అప్పులు నడిచే మార్కెట్‌లో, తీసుకునే స్వల్పకాలిక అప్పు. మన దేశంలో 1989లో మొదలైంది. కనీసం 5 లక్షలు, ఆపైన 5 లక్షల చొప్పున. బ్యాంకుల సీడీల గడువు 7 రోజుల నుంచి ఏడాది వరకు. డీమ్యాట్ (కాగితం లేని ఎలక్ట్రానిక్) రూపంలోనే ఇస్తారు.

సాధారణంగా దీన్ని డిస్కౌంట్ మీద అమ్ముతారు. ఉదాహరణకు 91 రోజులకు 7 శాతం రేటు అనుకుంటే, మీరు ఇప్పుడు సుమారు 4,91,424 రూపాయలు కడతారు, గడువు నాటికి 5 లక్షలు వస్తాయి. ఆ 8,576 రూపాయలే వడ్డీ.

అసలు తేడా మధ్యలో డబ్బు అవసరమైనప్పుడు తెలుస్తుంది. ఎఫ్‌డీని మామూలుగా కాస్త వడ్డీ వదులుకుని బ్రాంచిలోనే రద్దు చేసుకోవచ్చు. సీడీని అలా కుదరదు, మార్కెట్లో కొనేవాళ్లను వెతకాలి. ఈలోగా వడ్డీ రేట్లు పెరిగితే దాని ధర తగ్గుతుంది. పైగా ఈ మార్కెట్ మ్యూచువల్ ఫండ్లలాంటి పెద్ద సంస్థలది, ఒక్క 5 లక్షల సీడీని కొనేవాళ్లు దొరకడం కష్టం. జీడిపిక్కల సీజన్లో రైతుకు డబ్బు ఇవ్వాల్సిన రోజున ఆ టెన్షన్ మీకెందుకండీ?

డిపాజిట్ల కంటే అప్పులకు గిరాకీ పెరిగినప్పుడు, ముఖ్యంగా మార్చి చివర్లో, బ్యాంకులు వీటిని ఎక్కువగా జారీ చేస్తాయి. సీడీలే కావాలనుకుంటే లిక్విడ్ ఫండ్ (స్వల్పకాలిక అప్పు పత్రాల్లో డబ్బు పెట్టే మ్యూచువల్ ఫండ్) చూడండి, వాటి పెట్టుబడుల్లో సీడీలు కూడా ఉంటాయి.