టెక్ సందేహాలు: ఎంత బాగా పెంచినా ఒయాజిచ్చి ఎందుకు రాదు?

ప్రశ్న: జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు మా అమ్మాయికి తొలి నమూనా తమగోచ్చి (తెరపై పిల్లను పెంచే ఎలక్ట్రానిక్ పెంపుడు బొమ్మ) తెచ్చి ఇచ్చాడు. అందులో ఒయాజిచ్చి అనే రహస్య పాత్ర ఉందని తెలిసి, దాన్ని రప్పించాలని తల్లీకూతుళ్లం కలిసి పెంచుతున్నాం. ఆకలి తెలియనివ్వడం లేదు, మారాం చేస్తే మందలిస్తున్నాం, నిద్రపోగానే దీపం ఆర్పుతున్నాం. అయినా ప్రతిసారీ మామెచ్చి మాత్రమే వస్తోంది. మా పెంపకంలో లోపం ఎక్కడుంది? — ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: లోపం లేకపోవడమే మీ సమస్యకు కారణం. మామెచ్చి అంటే పోషణలోనూ క్రమశిక్షణలోనూ ఏ వెలితీ లేకుండా పెరిగిన పిల్ల. అది వస్తోందంటే మీరిద్దరూ ఎంతో ఓపికగా పెంచుతున్నారన్నమాట. కానీ ఒయాజిచ్చికి దారి అటువైపు నుంచి లేదు. అది మాస్కుచ్చి అనే పాత్ర నుంచి మాత్రమే పుడుతుంది, అదీ ఒక ప్రత్యేకమైన మాస్కుచ్చి నుంచి. కడుపు నిండా తిండి పెట్టి, సంతోషంగా ఉంచి, మందలించడం మాత్రం మానేసిన పెంపకానికి ఫలితం ఆ మాస్కుచ్చి.

దీని తీరు అర్థం కావాలంటే బొమ్మ లోపల ఏం జరుగుతోందో కొంత తెలియాలి. బందాయ్ సంస్థ 1996 నవంబరు 23న జపాన్‌లో విడుదల చేసిన ఈ తొలి నమూనాలో ఉన్నవి 32 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు గల తెర, మూడు బటన్లు, ఎప్సన్ తయారుచేసిన 4 బిట్ల ప్రాసెసర్ మాత్రమే. ఆ చిన్న యంత్రం రెండు లెక్కలను మనకు కనపడకుండా రాసుకుంటూ ఉంటుంది. మొదటిది పోషణలో జరిగిన తప్పుల లెక్క. ఆకలిని, సంతోషాన్ని చూపే హృదయం గుర్తుల్లో ఏ వరుసైనా పూర్తిగా ఖాళీ అయి, పిల్ల మనల్ని పిలుస్తోందని చెప్పే పిలుపు గుర్తు వెలిగిన తర్వాత 15 నిమిషాల పాటు మనం పట్టించుకోకపోతే ఒక తప్పు నమోదవుతుంది. నిద్రపోయిన తర్వాత దీపం ఆర్పకపోయినా అంతే. రెండోది క్రమశిక్షణ లెక్క. హృదయాలన్నీ నిండుగా ఉన్నా, ఒంట్లో ఏ జబ్బూ లేకున్నా పిల్ల ఊరికే పిలిచినప్పుడు, లేదా ఆకలి వేస్తున్నా తిండి వద్దని మొండికేసినప్పుడు మందలించాలి. అలా మందలించిన ప్రతిసారీ క్రమశిక్షణ పట్టీ నాలుగో వంతు నిండుతుంది, ఆ పట్టీ మనకు కనిపిస్తుంది. మందలించకుండా వదిలేసిన సందర్భాల లెక్క మాత్రం ఎక్కడా కనిపించదు.

ఈ రెండు లెక్కలూ ఒకదానితో ఒకటి కలవవు. పోషణ బాగుండి క్రమశిక్షణ లోపించిన పెంపకం, క్రమశిక్షణ బాగుండి పోషణ లోపించిన పెంపకం వేర్వేరు రూపాలకు దారితీస్తాయి. పెద్ద రూపాల్లో మామెచ్చి, గింజిరోచ్చి, మాస్కుచ్చి మంచి పోషణ అందినవాళ్లు. ఈ ముగ్గురినీ వేరు చేసేది క్రమశిక్షణ. కుచిపాచ్చి, న్యోరోచ్చి, తారకోచ్చి పోషణలో తప్పులు జరిగినప్పుడు వచ్చేవాళ్లు.

గుడ్డు 5 నిమిషాల్లో పొదగబడి బేబిచ్చి అవుతుంది, దాదాపు గంట తర్వాత అది మారుచ్చిగా మారుతుంది. మీరు ఎలా చూసుకున్నా ఈ మార్పు తప్పదు కాబట్టి ఇక్కడ రూపం విషయంలో చింత అక్కర్లేదు. బేబిచ్చి హృదయాలు మాత్రం చాలా వేగంగా ఖాళీ అవుతాయి, కాబట్టి ఆ గంటసేపు బొమ్మను పక్కనే ఉంచుకోండి. అసలు పరీక్ష మారుచ్చితో మొదలవుతుంది. ఈ బొమ్మకు ఒక రోజు ఒక సంవత్సరంతో సమానం. మూడేళ్ల వయసు వచ్చేసరికి, పోషణ బాగుంటే అది తమాచ్చి అవుతుంది, తప్పులు ఎక్కువైతే కుచితమాచ్చి అవుతుంది. మీకు కావలసింది తమాచ్చి. అయితే తమాచ్చిలోనే రెండు రకాలున్నాయి. చిన్నప్పుడు మందలింపులు అందుకుని పెరిగినది ఒక రకం, అందుకోకుండా పెరిగినది రెండో రకం. తెరపై రెండింటి బొమ్మా ఒక్కటే, చుక్క తేడా కూడా ఉండదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మారుచ్చి దశలో శ్రద్ధగా మందలించి, తమాచ్చి వచ్చాక మానేసి, చివరికి మాస్కుచ్చి వస్తే, ఇక ఒయాజిచ్చి వస్తుందని రోజుల తరబడి ఎదురుచూస్తారు. ఆ మాస్కుచ్చి చూపుకు అదే మాస్కుచ్చి అయినా, మొదటి రకం తమాచ్చి నుంచి వచ్చింది కాబట్టి ఎన్నాళ్లు చూసినా మారదు.

కాబట్టి ఈసారి మారుచ్చి దశ మొదలైనప్పటి నుంచే మందలింపు గుర్తు జోలికి వెళ్లకండి. పిలుపు గుర్తు వెలగగానే ముందుగా ఆరోగ్య పట్టిక తెరిచి చూడండి. ఏదైనా వరుస ఖాళీగా ఉంటే వెంటనే తిండి పెట్టండి లేదా ఆడించండి, దీపం ఆర్పలేదని పిలిస్తే ఆర్పండి. అన్నీ నిండుగా ఉండి పిలిచిందంటే అది మారాం. ఆ పిలుపును అలాగే వదిలేయండి. తమాచ్చి దశలోనూ ఇదే పాటించండి. ఎడమా కుడా చెప్పే ఆటలో 5 సార్లకు 3 సార్లు సరిగ్గా ఊహిస్తేనే సంతోషం పెరుగుతుంది కాబట్టి, సమయం లేనప్పుడు చిరుతిండి పెట్టినా సంతోష హృదయం నిండుతుంది, బరువు మాత్రం భోజనం కంటే ఎక్కువ పెరుగుతుంది. మాస్కుచ్చి వచ్చాక కూడా పోషణ తగ్గించకుండా మరికొన్ని రోజులు కాపాడితే, నడివయసు మనిషి ముఖంతో ఒయాజిచ్చి ప్రత్యక్షమవుతుంది. ఆంగ్ల ముద్రణ గల బొమ్మల్లో దాని పేరు బిల్.

దీన్ని పెంచడం ఎందుకు కష్టమో ఇప్పుడు అర్థమై ఉంటుంది. బద్ధకంగా వదిలేస్తే ఇది రాదు, అన్నీ శ్రద్ధగా చేసినా రాదు. ప్రతి పిలుపునూ విని, అది అవసరమా మారామా అని తేల్చుకుని, ఒకదానికి పరుగెత్తి ఇంకొకదానికి చేయి ముడుచుకోవాలి. మనసున్న పిల్లకు అది మరింత కష్టం. మీ అమ్మాయికి ముందే చెప్పండి, మందలించకపోవడం వల్ల బొమ్మకు బాధ కలగదని.

ప్రశ్న: మా అబ్బాయి బడిలోకి ఫోన్లు, బొమ్మలు అనుమతించరు. సాయంత్రం వచ్చేసరికి తమగోచ్చి జబ్బుపడి ఉంటోంది లేదా చనిపోతోంది. రాత్రంతా ఏడుస్తున్నాడు. మధ్యలో ఆపే వీలుందా? — ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ఉంది. తొలి నమూనాలో ఆపడానికి వేరే బటన్ లేదు గానీ, గడియారం సరిచేసే స్థితిలో పెడితే పిల్ల కాలం ఆగిపోతుంది. మధ్యనున్న బి బటన్ నొక్కి గడియారం చూపించి, ఆ తర్వాత ఎ, సి బటన్లు రెండూ కలిపి నొక్కండి. అంకెలు మార్చే తెర వస్తుంది. దాన్ని అలాగే వదిలి బడికి పంపండి. సాయంత్రం అసలు సమయం పెట్టి బి నొక్కితే, ఉదయం వదిలిన చోటి నుంచే మొదలవుతుంది. సమయం సరిగ్గా పెట్టడం మరచిపోవద్దు. మారుచ్చి రాత్రి 8 గంటలకు నిద్రపోయి ఉదయం 9 గంటలకు లేస్తుంది కాబట్టి, గడియారం తప్పితే నిద్రవేళలు తప్పుతాయి, దీపం ఆర్పని తప్పులు పడతాయి. రూపాన్ని బట్టి నిద్రవేళలు మారతాయన్నది కూడా గుర్తుంచుకోండి.

ఆపడం మోసమని కొందరు అనుకుంటారు, నేను అనుకోను. 1997లో అమెరికాకు ఈ బొమ్మలు వచ్చినప్పుడు అనేక బడులు వాటిని తరగతి గదుల్లోకి రానివ్వలేదు. రోజులో సగం భాగం దగ్గర లేని పిల్లవాడి మీద ఒక ప్రాణం భారం పెట్టి, అది పోయిందని అతనే బాధపడేలా చేయడం ఎవరికీ మేలు చేయదు.

ప్రశ్న: డిజిమాన్ (డిజిటల్ మాన్‌స్టర్) అనే, రాక్షస పిల్లను పెంచి పోరాడించే పరికరంలో నాకు ఎప్పుడూ నుమెమాన్ అనే బురద పురుగులాంటిది వస్తోంది. దాన్ని వదిలేసి మళ్లీ గుడ్డు నుంచి మొదలుపెట్టాలా? — ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: దయచేసి వదిలేయకండి. 1997లో బందాయ్ తెచ్చిన తొలి డిజిటల్ మాన్‌స్టర్‌లో నుమెమాన్ నిజంగానే నిర్లక్ష్యానికి ఫలితం. సాధన తగ్గినా, పోషణ తప్పులు పెరిగినా అది వస్తుంది. ఆటగాళ్లు దాన్ని చూడగానే ఆశ వదులుకుంటారు. కానీ ఆ పురుగు నుంచే మొంజెమాన్ అనే ఎలుగుబంటి బొమ్మలాంటి రూపం పుడుతుంది, అది మెటల్‌గ్రేమాన్ అనే బలమైన రూపంతో సమానమైన స్థాయి. నుమెమాన్‌తోనే ఇతర పరికరాలతో పోరాటాలు చేసి, వాటిలో ఎక్కువ భాగం గెలవాలి. బలహీనమైన రూపంతో గెలవడం కష్టం కాబట్టే దీన్ని చూసినవాళ్లు తక్కువ. గ్రేమాన్‌ను పెంచి మెటల్‌గ్రేమాన్‌ను సాధించడం కంటే ఇది గొప్ప విజయమని నేను అనుకుంటాను.

ఒక్క షరతు: పోరాటానికి ఇంకో పరికరం కావాలి. రెండింటి పైనున్న లోహపు కొసలను ఆనించాలి. మీ కాలేజీలో మరొకరి దగ్గర ఉందేమో కనుక్కోండి.

ప్రశ్న: తమగోచ్చి లోపలి లెక్కలు చూపించే ఎమ్యులేటర్ (బొమ్మను అనుకరించే ప్రోగ్రాం) ఫోన్‌లో పెట్టుకోవచ్చా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సాంకేతికంగా వీలవుతుంది. ఆ ఎప్సన్ ప్రాసెసర్‌ను అనుకరించే ఓపెన్‌సోర్స్ కోడ్ తమాలిబ్ పేరుతో అందుబాటులో ఉంది. కోడ్ వేరు, బొమ్మలోని రోమ్, అంటే దాని అసలు ప్రోగ్రాం, వేరు. రోమ్‌పై హక్కు బందాయ్‌ది, అది ఆ కోడ్‌తో పాటు రాదు. రోమ్ కూడా కలిపి ఉచితంగా ఇస్తామనే ఏపీకే ఫైళ్లను (ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లను) దింపుకోకండి. వాటిలో ఏం కలిపారో మీకు తెలిసే మార్గం లేదు, పెంపుడు బొమ్మ కోసం కాంటాక్టులు, ఎస్‌ఎంఎస్‌ల అనుమతి అడిగే యాప్ ఏదైనా వెంటనే తీసేయాలి.

నా సలహా కూడా చెబుతాను. కనీసం మొదటి పిల్లను లెక్కలేవీ చూడకుండా పెంచండి. ఏ పాత్ర వస్తుందో తెలియని ఆ కొన్ని రోజుల ఉత్కంఠను రూపకర్తలు కావాలనే పెట్టారు, పట్టిక ముందు పెట్టుకుంటే అది మిగలదు.

ప్రశ్న: బ్యాటరీ మారిస్తే పిల్ల పోతుందా? — ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తొలి నమూనాలో పోతుంది, బ్యాటరీ తీసిన క్షణమే జ్ఞాపకం చెరిగి కొత్త గుడ్డు వస్తుంది. పాత బొమ్మలో రెండు ఎల్‌ఆర్ 44 గుండీ బ్యాటరీలు, ఇటీవలి పునర్విడుదలల్లో ఒక సిఆర్ 2032 ఉంటాయి, స్క్రూ డ్రైవర్‌తో మూత తీసి చూస్తే తెలుస్తుంది. తెర మసకబారుతోందంటే బ్యాటరీ అయిపోవస్తోందని అర్థం. ఒయాజిచ్చి కోసం ప్రయత్నం మొదలుపెట్టే ముందే కొత్తది వేసుకోండి.