ఫోను చెవిన పెట్టుకుని బండి నడిపే నాయకులకు చట్టం వర్తించదా? ఒక పాత డ్రైవరు సమాధానం

మీరు అడిగినది ఇది. శ్రీకాకుళంలో స్కూటరు మీద ఫోను మాట్లాడుతూ వెళ్లినందుకు మీకు చలానా రాశారు. అదే రోజు సాయంత్రం హోదా స్టిక్కరు అంటించిన కారును ఒక ప్రజాప్రతినిధి స్వయంగా నడుపుతూ, చెవి దగ్గర ఫోనుతో, అదే దారిన వెళ్లారు. ఆయనను ఎవరూ ఆపలేదు. చట్టం వాళ్లకు వర్తించదా, ఫోటో తీసి పంపితే ఏమైనా ఫలితం ఉంటుందా అన్నది మీ సందేహం.

నేను 2009 నుంచి ఆరేళ్లపాటు శ్రీకాకుళం జిల్లాలో ఒక నాయకుడి దగ్గర డ్రైవరుగా పనిచేశాను. ఇప్పుడు విజయనగరంలో డ్రైవింగు నేర్పిస్తున్నాను. చట్టంలో ఏముందో పిల్లలకు చెప్పవలసిన వాడిని కనుక ముందు దాని గురించి రాసి, ఆ తరువాత బండి లోపల నేను చూసినది రాస్తాను.

చట్టం అందరికీ ఒక్కటే. మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షను ప్రమాదకరంగా బండి నడపడాన్ని నేరంగా చెబుతుంది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, నడుపుతూ ఫోను చేతపట్టుకుని వాడడం కూడా ఆ సెక్షను కిందికి వచ్చింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కోర్టు దాకా వెళ్లకుండా కట్టుకునే మొత్తాన్ని రాష్ట్రప్రభుత్వం నిర్ణయిస్తుంది. మీరు కట్టింది ఆ మొత్తమే అయి ఉంటుంది. ఈ సెక్షను కింద తప్పు చేశాడని నమ్మితే పోలీసు అధికారి లైసెన్సును స్వాధీనం చేసుకుని, దాన్ని రద్దు చేయాలా వద్దా తేల్చమని లైసెన్సు ఇచ్చిన అధికారికి పంపాలని 206వ సెక్షను చెబుతుంది. ఎమ్మెల్యేకు గాని, ఎంపీకి గాని, మంత్రికి గాని మినహాయింపు ఇందులో ఎక్కడా లేదు. పదవిలో ఉన్నంతకాలం క్రిమినల్ కేసు నడవకుండా రాజ్యాంగం రక్షణ ఇచ్చింది రాష్ట్రపతికి, గవర్నర్లకు మాత్రమే. శాసనసభ్యుల ప్రత్యేక హక్కులు సభలో వాళ్లు మాట్లాడే మాటకూ వేసే ఓటుకూ రక్షణగా ఉన్నవే గాని, రోడ్డు మీద ఫోనులో మాట్లాడే మాటకు కావు.

అదే సవరణలో 210బి అనే సెక్షను కూడా వచ్చింది. ఈ చట్టాన్ని అమలుచేసే అధికారం ఉన్నవాడే దాన్ని ఉల్లంఘిస్తే మామూలు మనిషికి పడే జరిమానాకు రెట్టింపు పడుతుందని దాని సారాంశం. అమలుచేసే వాళ్లకు ఆ బాధ్యత పెట్టిన చట్టసభలు, చట్టం చేసే తమకు మాత్రం పెట్టుకోలేదు. అది కూడా రాసి ఉండవలసిందని నా గట్టి అభిప్రాయం.

ఇక నేను చూసినది. 2012 నవంబరు 2న మాజీ కేంద్రమంత్రి కింజరాపు ఎర్రన్నాయుడు గారు రణస్థలం దగ్గర, ఆయన ప్రయాణిస్తున్న కారు ఆయిల్ ట్యాంకరును ఢీకొని, చనిపోయారు. ఆ ప్రమాదాన్ని నేను ఫోనుతో ముడిపెట్టడం లేదు. జిల్లా అంతటా తెలిసిన మనిషి, ఆయన ఎన్నోసార్లు తిరిగిన రోడ్డు మీదే పోయారన్న దుఃఖం నాయకుల బండ్లు నడిపే మా అందరినీ చాలా రోజులు పట్టుకుంది. ఆ కొన్నాళ్లు మా నాయకుడు కూడా నెమ్మదిగా వెళ్లమనేవారు, రాత్రి ప్రయాణాలు తగ్గించారు. ఏడాది తిరిగేసరికి ఆ జాగ్రత్త పోయింది.

2013 డిసెంబరులో ఒక సాయంత్రం రాజాం నుంచి చిలకపాలెం వైపు వస్తున్నాము. (రాజాం అప్పటికి శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది, 2022 ఏప్రిల్‌లో విజయనగరం జిల్లాలోకి వెళ్లింది.) కొత్త బండి కావడంతో ఆయనే స్టీరింగు దగ్గర కూర్చున్నారు, నేను పక్క సీటులో ఉన్నాను. కోతలు అయిపోయిన రోజులు. మా వైపు ఊళ్లలో ఆ కాలంలో రోడ్డుకు ఒక పక్క వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చుతారు. అది తప్పే; ఆ రాళ్ల వల్ల రాత్రిపూట మోటారు సైకిళ్లు పడిపోవడం నేను చూశాను. అయితే కళ్లు రోడ్డు మీద ఉన్న వాడికి ఆ రాళ్లు దూరం నుంచే కనిపిస్తాయి.

ఫోను మోగింది. ఎవరిదో బదిలీ విషయం. ఎడమ చేత్తో ఫోను పట్టుకుని, కుడి చేత్తో స్టీరింగు తిప్పుతూ మాట్లాడుతున్నారు. గేరు మార్చవలసి వచ్చినప్పుడు ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకునేవారు. అలా ఇరికించుకున్న మనిషి తల ఒక పక్కకు ఒరిగిపోతుంది, మెడ తిరగదు, కుడి వైపు అద్దం ఉన్నా లేనట్టే. పైగా అవతలి మనిషితో వాదన పెరిగేకొద్దీ బండి వేగం కూడా తెలియకుండానే పెరుగుతుంది. నేను ఆరేళ్లలో ఇది ఎన్నిసార్లు గమనించానో లెక్క లేదు. ఎదురుగా లారీ వచ్చింది. ఆయన దాన్ని ఆలస్యంగా చూసి ఎడమకు లాగారు. ముందు చక్రం రాయి ఎక్కి బండి వడ్ల మీదికి పోయింది. అక్కడ ఒక ఆడమనిషి కాళ్లతో వడ్లు తిరగదోస్తూ నడుస్తోంది. అరిచిందో లేదో నాకు వినపడలేదు. బండి తగలలేదు గాని, తప్పించుకోబోయి వెనక్కి పడి, ఆనుకున్న చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

జనం కర్రలు పట్టుకుని వచ్చారు. అద్దం దించి ఆయన ముఖం చూపించగానే ఆ చేతులు కిందికి దిగిపోయాయి. ఆమె భర్త మా దగ్గరికి వచ్చి, "బాబు గారి తప్పేటీ లేదు, మా ఆడదే సూసుకోలేదు" అన్నాడు. ఆ మాట నన్ను ఈ రోజుకీ వదలలేదు. మా నాయకుడు ఆమె వైద్యానికి డబ్బు ఇచ్చారు, ఆమెను వేరే బండిలో ఆసుపత్రికి పంపించారు. తిరిగి బయలుదేరేటప్పుడు నన్ను స్టీరింగు దగ్గర కూర్చోమని, "ఎవరైనా అడిగితే నువ్వే నడిపావని చెప్పు, నీకేం కాకుండా నేను చూసుకుంటాను" అన్నారు. సరే అన్నాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు, నెల జీతం తప్ప ఆధారం లేదు. ఎవరూ అడగలేదు.

మనిషికి దెబ్బ తగిలితే వైద్యం అందేలా చూడడమే కాక, 24 గంటల్లోపు పోలీసులకు తెలియజేయాలని 134వ సెక్షను అప్పటికే చెబుతోంది. అడిగినప్పుడు ఎవరు నడిపారో యజమాని నిజం చెప్పాలని 133వ సెక్షను చెబుతోంది. ఆ రోజు మేము మొదటిదాన్ని పాటించలేదు, ఎవరైనా అడిగి ఉంటే రెండోదానికీ ఎదురు నడవడానికి సిద్ధపడ్డాము. 2019 సవరణ అప్పటికి రాలేదు, కానీ చేసిన తప్పుకు చట్టంలో పేరు లేకపోలేదు. ఆమె తరఫున అడిగేవాళ్లే లేరు.

నాలుగేళ్ల తరువాత రాజాం సంతలో ఆమె కనిపించింది. సంచి ఎడమ చేత్తో మోస్తోంది, కుడి మణికట్టు పూర్తిగా తిరగడం లేదు. నన్ను గుర్తుపట్టి, "ఆ రోజు బండి నడిపింది నువ్వే కదా బాబూ, అందరూ అలాగే అన్నారు" అంది. నేను కాదమ్మా అని చెప్పాను. ఆయన ఫోను మాట్లాడుతూ నడిపారని కూడా చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "అయితే అడగాల్సింది కదా" అంది. అది నన్ను ఉద్దేశించి అన్నదో తనను తాను అనుకున్నదో నేను అడగలేదు.

అందుకే, చట్టం వర్తిస్తుందా అన్న మీ ప్రశ్నకు, వర్తిస్తుంది గాని దాన్ని వర్తింపజేయమని అడిగే మనిషి కావాలి అన్నదే నా జవాబు. అడిగిన చోట ఏమి జరుగుతుందో చెప్పడానికి బ్రిటన్ సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ హ్యారియెట్ హార్మన్ అనే ఆవిడ మంత్రిగా ఉండగా, 2009 జూలైలో లండన్‌లోని డల్విచ్ ప్రాంతంలో ఫోను మాట్లాడుతూ నడుపుతూ, ఆగి ఉన్న కారును తగిలించారు. 2010 జనవరిలో కోర్టులో అజాగ్రత్తగా నడిపినట్టు ఒప్పుకున్నారు. ఫోను మీద విడిగా పెట్టిన అభియోగాన్ని ఉపసంహరించారు. 350 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద తప్పుకు గుర్తుగా మూడు పాయింట్లు పడ్డాయి. 2023 జనవరిలో, కదులుతున్న కారులో సీటు బెల్టు పెట్టుకోకుండా వీడియో తీయించుకున్నందుకు పదవిలో ఉన్న ప్రధానమంత్రి రిషి సునాక్‌కే అక్కడి లాంకషైర్ పోలీసులు జరిమానా వేశారు. వాళ్లు మనకన్నా మంచివాళ్లని నేను అనను. తప్పు చేసింది మంత్రి అయినా దానికి కాగితం పుట్టిందన్నదే నాకు ముఖ్యం. మా బండి ఎక్కిన ఆ వడ్ల మీద జరిగినదానికి ఏ కాగితమూ పుట్టలేదు.

నాయకులను మాత్రమే అని ఊరుకోవడం కూడా న్యాయం కాదు. మన దగ్గర మనిషిని కొలిచే కొలత ఒకటి ఉంది: "ఆయన ఫోను ఎత్తుతాడు." ఓట్ల ముందు ఊళ్లలో తిరిగేటప్పుడు నేను రోడ్ల గురించి, కాలువల గురించి విన్న ఫిర్యాదులకన్నా "రెండుసార్లు చేశాను, ఎత్తలేదు" అన్న ఫిర్యాదులే ఎక్కువగా విన్నాను. ఆ భయంతో మా నాయకుడు స్నానానికి వెళ్లినా ఫోను నా చేతికిచ్చి వెళ్లేవారు. నేను నడుపుతున్నప్పుడు వెనుక సీటులో నిద్రపోతూ "ఎవరో చూడు" అనేవారు, నేను చూసేవాడిని. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి రెండు సెకన్లలో 33 మీటర్లు పోతుంది. తెర మీద పేరు చదవడానికి రెండు సెకన్లు చాలవు. అన్నిసార్లు చూసినా ఎవరికీ ఏమీ కాలేదంటే అందులో నా నైపుణ్యం ఏమీ లేదు.

ఇది మార్చలేని సంగతి కాదని నాకు తెలుసు. ఆ ఉద్యోగం మానేసిన తరువాత కొన్ని నెలలు స్థానిక సంస్థలో పదవిలో ఉన్న ఒక మహిళ దగ్గర పనిచేశాను. ఆవిడ బండి ఎక్కగానే తన ఫోను వెనుక సీటులోని సహాయకుడికి ఇచ్చేవారు, నా ఫోను కూడా అక్కడికే వెళ్లేది. అరగంటకోసారి రోడ్డు పక్కన, నీడ ఉన్న చోట బండి ఆపించి, వచ్చిన ఫోన్లన్నిటికీ వరుసగా తిరిగి చేసేవారు. "బండిలో ఉన్నానమ్మా, అందుకే ఆగి చేస్తున్నాను" అని ఆవిడ చెబితే అవతలివాళ్లు కోపగించుకోవడం నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలు, "ఫలానా ఆయన మాట్లాడుతూనే నడుపుతారు కదా మాస్టారూ, ఏమైంది?" అని అడుగుతారు. చేత్తో పట్టుకోకుండా చెవిలో పెట్టుకుంటే తప్పేమిటని కూడా అడుగుతారు. నేను వాళ్లను మైదానంలో రెండు వరుసల రాళ్ల మధ్య నెమ్మదిగా నడపమని చెప్పి, పక్కన కూర్చుని, మీ మేనమామల ఊర్లు వరుసగా చెప్పమంటాను. చేతులు రెండూ స్టీరింగు మీదే ఉంటాయి, కళ్లు ముందుకే ఉంటాయి, అయినా మూడో ఊరి దగ్గరకు వచ్చేసరికి చక్రం రాయిని తాకుతుంది. బ్రేకు నా కాలి కింద కూడా ఉంటుంది కనుక ప్రమాదం లేదు. చట్టం చేతిలోని ఫోను గురించి చెప్పింది. మనసు ఎక్కడ ఉందో చూడవలసింది నడిపేవాడే. నడుపుతూ ఫోను వాడేవారికి ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది.

చివరిగా మీ ఫోటో సంగతి. స్కూటరు నడుపుతూ మీరే ఫోటో తీయకండి. వెనుక కూర్చున్న వారి చేత తీయించండి, లేదా ఆగి తీయండి. బండి నంబరు, నడిపే మనిషి చేతిలోని ఫోను ఒకే చిత్రంలో కనిపించాలి. తేదీ, సమయం, చోటు రాసి, మీ పేరు సంతకంతో జిల్లా పోలీసు కార్యాలయానికి ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. నాయకుడి పేరు రాయవలసిన అవసరం లేదు, నంబరు చాలు. ఎవరు నడిపారో యజమానిని అడగడం పోలీసుల పని. నెల రోజులు చూసి, ఆ ఫిర్యాదు మీద ఏ చర్య తీసుకున్నారో, చలానా రాస్తే దాని సంఖ్య ఎంతో తెలపమని 2005 సమాచార హక్కు చట్టం కింద అదే కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే ఇక్కడే అడగండి, నేను రాసి పెడతాను.