ఎల్ నినో వచ్చాక ఎందుకు పోతుంది? మళ్లీ ఎందుకు వస్తుంది?

పసిఫిక్ మహాసముద్రం తూర్పు భాగంలో, భూమధ్యరేఖ దగ్గర, నీరు మామూలు కంటే వేడెక్కడమే ఎల్ నినో. విశాఖ తీరంలో ఉన్నవాళ్లకి సగం సంగతి కళ్లముందే ఉంది. వేసవిలో నైరుతి గాలి ఒడ్డు వెంబడి వీస్తే పై నీరు సముద్రం లోపలికి జరిగి, అడుగు నుంచి చల్లటి నీరు పైకొస్తుంది. పసిఫిక్‌లో భూమధ్యరేఖ వెంబడి ఈ పని తూర్పు గాలులది. అవి వెచ్చటి నీటిని ఇండోనేషియా వైపు నెడతాయి. అక్కడ సముద్రమట్టం పెరూ వైపు కంటే దాదాపు అర మీటరు ఎక్కువ. వెచ్చటి పొర మందం అక్కడ సుమారు 150 మీటర్లు, తూర్పున 50 మీటర్లలోపే.

గాలి తగ్గితే తూర్పు వేడెక్కుతుంది. దాంతో రెండు వైపుల పీడనంలో తేడా తగ్గి, గాలి ఇంకా నీరసిస్తుంది. 1969లో వాతావరణ శాస్త్రవేత్త బ్యెర్క్‌నెస్ చెప్పిన గొలుసు ఇదే. అయితే ఇదొక్కటే ఉంటే ఎల్ నినో పోనే పోదు!

దాన్ని ఆపేది సముద్రం నెమ్మదితనం. గాలి తగ్గగానే బయల్దేరిన కెల్విన్ తరంగం (భూమధ్యరేఖ వెంబడి తూర్పుకి సాగే సముద్రం లోపలి అల) రెండు మూడు నెలల్లో తూర్పు తీరం చేరి అక్కడి వెచ్చటి పొరను మందం చేస్తుంది. అదే సమయంలో రాస్బీ తరంగాలనే మరో రకం లోపలి అలలు అందులో మూడో వంతు వేగంతో పడమరకి పోయి, ఒడ్డుకి తగిలి, పొరను పలచన చేసే కెల్విన్ తరంగంగా తిరిగొస్తాయి. ఈలోగా భూమధ్యరేఖ దగ్గరి వెచ్చటి నీరు ఉత్తర దక్షిణాలకు ఖాళీ అవుతుంది. అలా చల్లదనం, ఒక్కోసారి లా నినా (ఎల్ నినోకి వ్యతిరేక స్థితి), వస్తుంది. నీరు మళ్లీ నిండాలి కదా, అందుకే 2 నుంచి 7 ఏళ్లు. మధ్యలో పడమటి నుంచి వచ్చే గాలి విసుర్లు లెక్క తప్పిస్తాయి.

ఎల్ నినో అనగానే కరువు అనుకోకండి: 2015లో దేశంలో నైరుతి రుతుపవనాల వర్షం 14 శాతం తగ్గింది, అంతే బలమైన 1997లో మామూలుగానే పడింది.