బిష్కెక్ ఎంబీబీఎస్‌కు ఇల్లు తనఖా పెట్టే ముందు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. ఎరువుల దుకాణం నడుపుతున్నాను. నెలకు సగటున 65 వేలు వస్తాయి, ఇంటి ఖర్చు 35 వేలు. నా వయసు 48. మా అమ్మాయికి నీట్‌లో కన్వీనర్ కోటా సీటు రాలేదు. కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌లో ఆరేళ్ల ఎంబీబీఎస్‌కు ఏడాదికింత చొప్పున అయితే 38 లక్షలు, అంతా ఇప్పుడే కడితే 36 లక్షలని కన్సల్టెన్సీవారు చెప్పారు. ఇంటిపై తనఖా రుణం 22 లక్షలు, బయట రెండు రూపాయల వడ్డీకి 8 లక్షలు తెచ్చి, ఎఫ్‌డీలోని 6 లక్షలు కలుపుదామనుకుంటున్నాను. సరేనా?

జవాబు: సరి కాదండి. అమ్మాయి తిరిగొచ్చీ రాగానే సంపాదిస్తుందన్న ధీమా మీద వేసిన లెక్క ఇది. విదేశాల్లో చదివొచ్చినవాళ్లు ఇక్కడ డాక్టర్‌గా పనిచేయాలంటే ఎఫ్‌ఎంజీఈ అనే అర్హత పరీక్ష గట్టెక్కాలి. 300కు 150 వస్తే చాలు, అయినా 2025 జూన్ విడతలో 36 వేల మందికి పైగా రాస్తే పాసైంది 6,707 మంది. ఐదుగురిలో ఒక్కరు కూడా కాదు. పరీక్షకు కూర్చున్నవాళ్లలో రెండోసారి, మూడోసారి రాసినవాళ్లూ ఉన్నారనుకోండి. ఆ పరీక్ష ఆరు నెలలకోసారే. పాసైనా మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్.

ఇక్కడ ప్రైవేటు కాలేజీల్లో బి కేటగిరీ (యాజమాన్య కోటా) సీటుకు ఏటా పది లక్షలపైన పెట్టగలవాళ్లు పిల్లల్ని ఇక్కడే చదివిస్తున్నారు. దెబ్బ తగిలితే తట్టుకోలేని ఇళ్ల నుంచే ఎక్కువ మంది విమానం ఎక్కుతున్నారు.

అందుకే ఆ 6 లక్షల ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. మీకున్న అత్యవసర నిధి అదొక్కటే. వానలు ముఖం చాటేసిన ఏడాది ఉద్దెర బాకీలు వసూలు కావని మీకు నేను చెప్పాలా? 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద అల్లరిమూకలు పడ్డప్పుడు, పిల్లలకు అప్పటికప్పుడు టికెట్ కొనాల్సి వచ్చింది. పరీక్ష ఒకటి రెండుసార్లు తప్పితే కోచింగ్, హాస్టల్, ఇంటి ఖర్చు దీంట్లోంచే రావాలి. ఆరేళ్లలో దీన్ని పెంచాలే గానీ తగ్గించొద్దు.

మీరు చెప్పిన అప్పులకు కిస్తీ, వడ్డీ కలిపి వచ్చే నెల నుంచే దాదాపు 41 వేలు కట్టాలి. మీకు మిగిలేది 30 వేలు. ఆ 8 లక్షలకు ఆరేళ్లలో వడ్డీయే పదకొండున్నర లక్షలు, అసలు అలాగే ఉంటుంది. ఇది చదువు కోసం చేసే అప్పులా లేదు, ఇంటిని వేలానికి పెట్టే ఏర్పాటులా ఉంది!

ఇల్లు పెట్టక తప్పదంటే, అదే ఇంటిని హామీగా చూపి బ్యాంకులో విద్యారుణం అడగండి. సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాది వరకు కిస్తీ ఉండదు. కానీ అప్పటికి అమ్మాయి ఇంటర్న్‌షిప్‌లోనో, ఇంకా పరీక్ష దగ్గరో ఉంటుంది. మళ్లీ చెబుతున్నా, ఆ ఎఫ్‌డీ ఎందుకో ఇప్పుడు అర్థమైందిగా. 22 లక్షల రుణం విడతలుగా తీసుకుని, మిగతా 16 లక్షలు నెలనెలా మిగిలే 30 వేలలోంచి కట్టుకుంటూ వెళ్లొచ్చు. 2 లక్షల తగ్గింపుకు ఆశపడి అంతా ఒకేసారి కట్టకండి, మధ్యలో చదువు ఆగితే కట్టిందంతా అక్కడే ఇరుక్కుపోవచ్చు. 2022లో యుద్ధం వచ్చి ఉక్రెయిన్ నుంచి మన పిల్లలు చదువు సగంలో వదిలేసి వచ్చారు.

మీకేదైనా అయితే అప్పు ఇంటివాళ్ల నెత్తిన పడకుండా మీ పేరున కోటి రూపాయల టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకోండి. ఇంకోసారి నీట్ రాయించడం, ఫిజియోథెరపీ, నర్సింగ్ కూడా ఇంట్లో మాట్లాడుకోండి.

కన్సల్టెన్సీవారు చూపించిన కాలేజీ నుంచి ఎంతమంది ఎఫ్‌ఎంజీఈ రాశారో, ఎంతమంది పాసయ్యారో కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే అడ్వాన్స్ కట్టకండి.